డిస్కు కింద ఊరు

కంప్యూటర్ నిద్ర లేచే తీరు నాకు మొదటినుంచీ ఇష్టం. మీట నొక్కగానే రంగుల బొమ్మా సంగీతమూ వచ్చేస్తాయే, ఆ కంప్యూటర్ల సంగతి కాదు. నల్లటి తెర మీద తెల్లటి లైన్లు ఒకదాని వెంట ఒకటి పైకి పాకుతూ పోయే రకం ఒకటుంది, దాని సంగతి చెబుతున్నాను. గోదావరిఖనిలో నేను పనిచేసే కాలేజీ ల్యాబుకు పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి, కిటికీలు తెరవకుండానే ఒక కంప్యూటర్ ఆన్ చేసి దాని ముందు కూర్చుంటాను. ఎవరో మగతలో గొణుక్కుంటున్నట్టు ఆ లైన్లు వస్తుంటాయి. అన్నీ అర్థమవుతాయని కాదు, అర్థం కానివే ఎక్కువ. అయినా ఆ కాసేపు నేను ఇక్కడ లేనట్టే ఉంటుంది. తోటి లెక్చరర్లు చూసి నవ్వుతారు. నవ్వితే నాకేం.

ఆ లైన్ల నడుమ ఒకచోట కంప్యూటర్ ఒక చిన్న జాబితా తీసి చదువుకుంటుంది. ఎఫ్‌స్టాబ్ అంటారు దాన్ని. ఏ డిస్కును ఏ ఫోల్డరుకు తగిలించాలి, ఎట్లా తగిలించాలి, తగిలించే ముందు ఒకసారి పరీక్షించాలా వద్దా, ఇదంతా అందులో ఉంటుంది. డిస్కుకు ఒక లైను. రాసేది మనమే, మనం ఏది రాస్తే అది నమ్ముతుంది. మా నాన్న బొగ్గుబావిలో సర్దారుగా పనిచేశాడు. షిఫ్టు మొదలయ్యే ముందు తాను లోపలికి వెళ్లి, కర్రతో పైకప్పు తట్టి, ఆ చప్పుడు విని, ఫరవాలేదంటేనే మిగతావాళ్లు పనిలోకి దిగేవాళ్లు. క్లాసులో ఈ జాబితా గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి నాన్న కర్ర సంగతి చెబుతాను. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో గని మాటలు విని పెరిగినవాళ్లే కాబట్టి వెంటనే పట్టుకుంటారు.

ఆ జాబితాలో నేను రాసిన ఒక్క లైను వల్ల ఒక ఊరు ఊరంతా కనబడకుండా పోయింది. తప్పు ఒప్పుకోవడం నాకు పుట్టుకతో రాని విద్య, మా అక్కను అడిగితే చెబుతుంది. ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే.

అక్కను ఇచ్చింది కమాన్‌పూర్ దగ్గర ఒక ఊరికి. నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గని అంచున ఉండేది ఆ ఊరు. ఉండేది అంటున్నాను, ఇప్పుడు లేదు. బావ వాళ్ల నాన్న పొలం చేస్తూనే గనిలో డ్యూటీ చేశాడు. బావకు పొలమూ పట్టలేదు, గనీ పట్టలేదు, కెమెరా పట్టుకున్నాడు. ఊరి మొదట్లో రోడ్డు పక్కన ఒక షట్టరు గదిలో ఫొటో స్టూడియో పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి జరిగినా, పిల్లకు పేరు పెట్టినా, పోయినవాళ్లకు పటం కట్టించాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. మెల్లిగా మాట్లాడతాడు. కోపం తెలియని మనిషి. ఇంటిల్లిపాది కోపమూ నాకొక్కదానికే వచ్చింది కాబట్టి పెద్దపిల్ల సుఖపడిందని అమ్మ అంటుండేది.

ఆ ఊళ్లో మధ్యాహ్నాలు వేరుగా ఉండేవి. అన్నాలు తిని కాస్త నడుం వాల్చే వేళకు గని వైపు నుంచి సైరన్ మోగేది. ఇక బ్లాస్టింగ్ జరగబోతుందన్నమాట. ఎవరూ కంగారు పడేవాళ్లు కాదు. గూట్లోంచి గాజు సామాను దించేవాళ్లు, గోడ మీది అద్దాన్నీ దేవుడి పటాలనూ మంచం మీద పడుకోబెట్టేవాళ్లు, బయటికొచ్చి వాకిట్లో నిలబడేవాళ్లు. మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేవాళ్లు. అరికాళ్ల కింద నేల ఒకసారి వణికేది. గని మీద బూడిద రంగు దుమ్ము నిదానంగా లేచి, ఎండలో పలచబడి, ఊరి మీదికి దిగేది. అప్పుడు ఆపిన చోటినుంచే మళ్లీ మాట అందుకునేవాళ్లు. మొదటిసారి చూసినప్పుడు నేను భయపడ్డాను. పోను పోను ఆ వేళకు నాకూ ఒక మత్తు లాంటిది వచ్చేది, అందరం కలిసి ఒకే కల కంటున్నట్టు ఉండేది.

సైరన్ వినగానే బావ కంప్యూటర్ ఆపి, దాని వెనక తగిలించిన డిస్కును ఊడదీసి, అక్క పాత చీర ముక్కలో చుట్టి, రెండు చేతుల్లో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేవాడు. తిరుగుతున్న డిస్కు అదిరితే పాడైపోతుందని ఎవరో చెప్పారట, అది నిజమే కూడా. ఫొటోలన్నీ ఆ డిస్కులోనే ఉండేవి. పసిగుడ్డును ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకుని నిలబడ్డ ఆ మనిషిని చూసి, పాలు పట్టించావా బావా అని ఆటపట్టించేదాన్ని. మీ అక్క పెళ్లి కూడా ఇందులోనే పడుకుంది, మెల్లిగా మాట్లాడు, లేస్తుంది అనేవాడు.

ఆయన కంప్యూటర్‌కు వారానికో వైరస్ పట్టేది. ఫొటోల కోసం వచ్చేవాళ్లు తలా ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి గుచ్చేవాళ్లు మరి. నేనే ఒక ఆదివారం వెళ్లి లైనక్స్ వేసి పెట్టాను. లోపల ఒక చిన్న డిస్కు, అందులో కంప్యూటర్ నడవడానికి కావలసినవి. బయట తగిలించే పెద్ద డిస్కు, అందులో ఫొటోలు. 'ఫొటోలు' అని ఒక ఖాళీ ఫోల్డరు చేసి, కంప్యూటర్ లేవగానే పెద్ద డిస్కు ఆ ఫోల్డరుకు తగులుకునేలా జాబితాలో ఒక లైను రాశాను. బావ ఆ ఫోల్డరు తెరిస్తే చాలు, డిస్కు తెరుచుకున్నట్టే. నా పనితనం చూసుకుని నేనే మురిసిపోయాను.

వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. బ్లాస్టింగ్ అయ్యాక బావ లోపలికొచ్చి, చీర ముక్కలోని డిస్కును బల్ల మీద పెట్టి, తగిలించడం మరచిపోయి మీట నొక్కాడు. కంప్యూటర్ జాబితా చదివింది. డిస్కు కోసం నిమిషంన్నర కాచుకుంది. అప్పటికీ రాకపోయేసరికి నల్లతెర చూపించి, ఏదో పాస్‌వర్డ్ అడుగుతూ మొండికేసింది. ఎదురుగా పెళ్లి ఆల్బం కోసం వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారట. డిస్కు తగిలించి మళ్లీ ఆన్ చెయ్యమని ఫోన్లో చెప్తే సరిపోయేది, చెప్పాను, సరిపోయింది కూడా. అయినా నాకు పంతం వచ్చింది. నేను రాసిన లైను నలుగురి ముందు నన్ను నవ్వులపాలు చెయ్యడమేమిటని, మర్నాడు కాలేజీ అయ్యాక బస్సెక్కి వెళ్లి ఆ లైన్లో ఒక మాట చేర్చాను. నోఫెయిల్. ఈ డిస్కు దొరక్కపోయినా ఆగొద్దు, నీ దారిన నువ్వు లే అని దాని అర్థం.

"ఇగ ఇది ఎవ్వల కోసం ఆగది బావా," అన్నాను.

బావ సంతోషపడ్డాడు. డిస్కు ఉన్నా లేచింది, తీసేసినా లేచింది, రెండు రకాలుగానూ చేసి చూపించాను. చూపించనిది ఒకటుంది. డిస్కు లేనప్పుడు కూడా ఆ 'ఫొటోలు' ఫోల్డరు అక్కడే ఉంటుంది. ఖాళీగా ఉంటుంది, ఎవరేం పెట్టినా కాదనకుండా పుచ్చుకుంటుంది. అప్పుడు పెట్టినవి పెద్ద డిస్కులోకి పోవు, లోపలి చిన్న డిస్కులోనే ఉండిపోతాయి. ఇది నాకు తెలుసు. తెలిసీ చెప్పాలని తోచలేదు. డిస్కు లేకుండా ఫొటోలు ఎవరు వేస్తారులే అనుకున్నాను.

గని కోసం ఊరు ఖాళీ చెయ్యాలన్న మాట ఎన్నో ఏళ్లుగా వింటున్నదే. వినీ వినీ అది ఈసారి వానలు ఎట్లా ఉంటాయోనన్న మాటలాగా అయిపోయింది. ఒక ఎండాకాలం నిజమైంది. కొత్త కాలనీలో స్థలాలు వచ్చాయి, ఒక్కొక్కరే అక్కడ గోడలు లేపడం మొదలుపెట్టారు. అప్పుడు ఊరి చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక అవ్వ బావ దగ్గరికి వచ్చి, తన ఇంటి ముందర తనను నిలబెట్టి ఒక ఫొటో తియ్యమంది. అది విని పక్కింటివాళ్లు అడిగారు. ఆ తర్వాత ఊరంతా అడిగింది. ఇంటింటికీ ఫొటో తీస్తానని, కొత్త కాలనీలో మొదటి బతుకమ్మ పండుగ నాటికి ఎవరి ఇల్లు వాళ్లకు పటం కట్టించి ఇస్తానని బావ మాట ఇచ్చాడు. ఆయన మాట ఇవ్వడం అరుదు. ఇస్తే తిండి కూడా మానుకుని దాని వెంటే ఉంటాడు.

రెండు సాయంత్రాలు తీశాడు. నాకు కాలేజీలో పరీక్షలు, వెళ్లలేకపోయాను. అప్పటికి బ్లాస్టింగ్ ఊరికి మరీ దగ్గరికొచ్చింది. స్టూడియో గోడ బీటలిచ్చింది. డిస్కును అక్కడ ఉంచడానికి మనసొప్పక అక్క దాన్ని ఇంటికి తెచ్చి, చీర ముక్కతో సహా బియ్యం డబ్బాలో దాచింది. బావ వెలుగు పోయేదాకా ఇళ్ల ఫొటోలు తీసి, స్టూడియోకు వచ్చి కంప్యూటర్ ఆన్ చేశాడు. అది ఎవరి కోసమూ ఆగలేదు, నేను చెప్పినట్టే చేసింది. 'ఫొటోలు' ఫోల్డరులో ఊరి పేరుతో ఇంకో ఫోల్డరు చేసి అన్నీ అందులో వేశాడు. తెరిచి చూసుకున్నాడు, ఉన్నాయి. పాత పెళ్లిళ్లు కనబడలేదు కానీ అవి బియ్యం డబ్బాలో ఉన్నాయి కదా, డిస్కు తగిలిస్తే వాటి పక్కన ఇవీ ఉంటాయనుకున్నాడు. మర్నాడు మంథనిలో పెళ్లి ఉందని కెమెరా కార్డు ఖాళీ చేసుకున్నాడు.

ఆ తర్వాత సామాన్లు కట్టడం, ట్రాక్టర్లలో మొయ్యడం. కంప్యూటర్ ఒక గోనెసంచిలో కొన్నాళ్లు నిద్రపోయింది. ఇళ్లు ఒక్కొక్కటీ పోయాయి. ఊరున్న చోట డంపర్లు గని మట్టి తెచ్చి పొయ్యడం మొదలుపెట్టాయి. బస్సులోంచి చూస్తే గుట్ట లాంటి కుప్ప కనబడేది. నాలుగు వానలు పడేసరికి దాని మీద గడ్డి కూడా మొలిచింది.

వానాకాలం చివర్లో ఒకరోజు అక్క ఫోన్ చేసి, బావ సరిగా తినడం లేదని చెప్పింది. కొత్త ఇంటి ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని, డిస్కు తగిలించి ఆన్ చేస్తే పెళ్లిళ్లన్నీ వచ్చాయి, ఊరు రాలేదు. బావ డిస్కు అంతా వెతికాడు. పోయిన ఫొటోలు తీసిచ్చే షాపు కరీంనగర్‌లో ఉందంటే అక్కడికి పట్టుకుపోయాడు. వాళ్లు రెండు రోజులు ఉంచుకుని, ఎప్పుడో చెరిపేసిన పెళ్లి ఫొటోలు కొన్ని తీసి ఇచ్చారు. ఇదంతా జరిగి ఇరవై రోజులైందట. నాకు చెప్పొద్దన్నాడట. కష్టపడి కంప్యూటర్ పెట్టిచ్చిన పిల్ల, మనసు నొచ్చుకుంటుందని.

అవ్వ సంగతి కూడా అక్కే చెప్పింది. ఆమె రోజూ పొద్దున వీళ్ల వాకిటి ముందు ఆగి ఒకటే అడుగుతుంది. "మా ఇల్లు వచ్చిందా బిడ్డా?" ఊరికి పోయిన మనిషి తిరిగొచ్చాడా అని అడిగినట్టు అడుగుతుంది. వస్తది అవ్వా, వస్తది అని బావ చెప్పేవాడు. ఇప్పుడు ఆమె వచ్చే వేళకు పెరటి వైపు నుంచి బయటికి పోతున్నాడు. బతుకమ్మకు నెల కూడా లేదు. మళ్లీ తీద్దామంటే ఇళ్లు లేవు.

ఆదివారం దాకా ఆగలేక శనివారమే సెలవు పెట్టి వెళ్లాను. ఇంట్లో అడుగు పెడుతూనే బావను పట్టుకుని దులిపేశాను. సైరన్ మోగినప్పుడల్లా డిస్కు పీకడమేమిటని, చూసుకోకుండా కార్డు ఖాళీ చెయ్యడమేమిటని, ఇరవై రోజులు నోరు కుట్టుకుని కూర్చోవడమేమిటని. ఆయన తలవంచుకుని విన్నాడు. అక్క నన్ను చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది. చివరికి బావ కుర్చీ నా వైపు జరిపి పెరట్లోకి వెళ్లిపోయాడు.

కూర్చుని మొట్టమొదట జాబితా తెరిచాను. నేను రాసిన లైను, అందులో నేను చేర్చిన మాట. నోఫెయిల్. డిస్కు లేని సాయంత్రం ఆ కంప్యూటర్ మొండికెయ్యాల్సింది. వేస్తే బావ నాకు ఫోన్ చేసేవాడు, డిస్కు తగిలించమని నేను చెప్పేదాన్ని. ఆగొద్దని దానికి నేర్పింది నేను. నేర్పి, అరిచింది బావ మీద.

ఫొటోలు చిన్న డిస్కులో ఉండాలి. అదంతా గాలించాను. లేవు. ఒక్కటే వింతగా అనిపించింది. ఆ చిన్న డిస్కు దాదాపు నిండిపోయిందని కంప్యూటర్ అంటుంది. అందులో ఉన్నవన్నీ కూడితే సగం కూడా రావడం లేదు. మిగతా చోటును ఏది తింటుందో కనబడదు. రెండుసార్లు కూడి చూశాను, మూడుసార్లు కూడి చూశాను. నాలుగోసారి అక్క వచ్చి చెయ్యి పట్టి లేపి అన్నం పెట్టింది.

తిన్నాక ముందు గదిలో చాప పరిచింది. బయట సన్నటి ముసురు. కొత్త గోడల సున్నం వాసన, ఎక్కడో దూరంగా డంపర్ల మూలుగు. పడుకున్నానే గానీ నిద్ర కాదు, మెలకువా కాదు. ఆ మగతలో పాత ఊరికి వెళ్లాను. వీధంతా ఉంది. దుమ్ము దిగుతున్న ఎండ ఉంది. మనుషులు వాకిళ్లలో నిలబడి మాట మధ్యలో ఆపి ఉన్నారు. ఎవరో ఊరి ఆ కొసనుంచి పెద్ద చాప పరుచుకుంటూ వస్తున్నారు. ఇళ్లు ఒక్కొక్కటే చాప కిందికి పోతున్నాయి. విరగడం లేదు, కూలడం లేదు, దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు పోతున్నాయి. నేను ఏమండీ అని పిలవబోయి లేచి కూర్చున్నాను. అరచేతి కింద చాప గరుకుగా తగిలింది. దాన్ని పక్కకు లాగి, కింద చల్లగా ఉన్న నేలను చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాను.

డిస్కును ఫోల్డరుకు తగిలించడమంటే ఫోల్డరు మీద చాప పరచడమే. పరిచాక, చాప మీద ఉన్నవి కనబడతాయి. అంతకుముందు నేల మీద ఏమైనా ఉంటే అవి ఎక్కడికీ పోవు, కనబడవు, అంతే. ఇది నేను ఏటా క్లాసులో చెప్పే పాఠం. పరీక్షలో అడుగుతాను, రాయకపోతే మార్కులు కోస్తాను. ఇన్ని రోజులూ బావ చాప మీదే వెతికాడు. కరీంనగర్ వాళ్లూ ఆ చాపనే దులిపారు. ఎప్పుడు చూసినా డిస్కు తగిలించే చూశారు కాబట్టి, కింద నేల ఒకటుందని ఎవరికీ తోచలేదు. పాఠం చెప్పే దానికే తోచలేదు, ఇక వాళ్లనేం అంటాం.

పెద్ద డిస్కును విప్పమని కంప్యూటర్‌కు ఒక్క మాట చెప్పాను. 'ఫొటోలు' ఫోల్డరు తెరిచాను. మామూలుగా అయితే అది ఖాళీగా ఉండాలి. అందులో ఊరి పేరుతో ఒక ఫోల్డరు ఉంది.

ఏడుపొచ్చింది. అక్క వచ్చి తెర చూసి, నన్ను చూసి, తనే వెళ్లి బావను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వాళ్లు కూర్చునేలోగా ఆ ఫోల్డరును ఇంకో చోట కూడా దాచాను, నా మీద నాకు నమ్మకం పోయింది అప్పటికే.

ముగ్గురం ఆ తెర ముందు కూర్చుని ఊళ్లోకి నడిచాం. మొదట అవ్వ ఇల్లు. ఉతికిన చీర కట్టుకుని, అలిసిన ఎద్దును నిమిరినట్టు గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. ప్రతి ఇంటి ముందూ సాన్పి చల్లి ముగ్గు వేసి ఉంది. వారంలో కూలబోయే ఇళ్లు అవి. ఒకాయన షిఫ్టు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, నెత్తి మీద టోపీ తియ్యకుండానే నిలబడ్డాడు. కొందరు అప్పటికే తలుపులు ఊడదీసి కొత్త ఇంటికి పంపేశారట, ఫొటో కోసం మళ్లీ తెచ్చి గుమ్మానికి ఆనించారు. ఒక ఇంటి తలుపును వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు, అంచున నాలుగు వేళ్లు కనబడుతున్నాయి. ఆ వేళ్లు ఎవరివో అక్కా బావా ఇద్దరూ ఒకేసారి చెప్పారు. అన్ని ఫొటోల్లోనూ సాయంత్రపు ఎండ, ఎండలో దుమ్ము, నేల మీద పొడుగాటి నీడలు. ఇల్లు మారినప్పుడల్లా బావ ఊపిరి వదలడం నాకు వినబడుతూ ఉంది. వాన ఎప్పుడు ఆగిందో మేం చూడలేదు.

చివరిదాకా వచ్చేశాం. అక్కావాళ్ల ఇల్లు రాలేదు.

దాటిపోయానేమో అనుకుని వెనక్కి వెళ్లాను. మళ్లీ మొదటినుంచి చూశాను. లేదు. అన్నీ దొరికి, పోతే ఆ ఒక్కటే పోవాలా అనిపించింది. నా జన్మలో మొదటిసారి, అడక్కముందే తప్పు నాదే బావా అని మొదలుపెట్టాను. ఆ లైను నేనే రాశానని, ఆగే కంప్యూటర్‌ను ఆగకుండా చేసింది నేనేనని, నీ ఇల్లు కూడా ఎక్కడో ఉంటుంది, ఎట్లాగైనా వెతికి తీస్తానని ఏదేదో అంటున్నాను. బావ నా చేతిలోంచి మౌస్ మెల్లిగా తీసి పక్కన పెట్టాడు.

"అది లేదు పిల్లా. నేను తియ్యలే."

అక్క గిర్రున ఆయన వైపు తిరిగింది. ఆమెకూ తెలియదు. రెండో సాయంత్రం అన్ని ఇళ్లూ అయ్యాక ఆఖరున తమ ఇంటి ముందుకే వచ్చాడట. వెలుగు ఇంకా ఉందట. కెమెరా కంటికి పెట్టుకున్నాడట.

"తీస్తే ఇగ పోయినట్టే అనిపించింది," అన్నాడు. "బంద్ చేసిన."

ఇరవై రోజులు ఆయన తిండి మానింది ఊళ్లోవాళ్ల ఇళ్ల కోసం. అందులో తన ఇల్లు లేదని ఆయనకు ముందే తెలుసు. ఇంత దూరం వచ్చి నేను అరిచింది ఈ మనిషి మీద. నాకు ఆ క్షణాన నేనంటే అసహ్యం వేసింది.

కాసేపటికి అక్క, తలుపుకు పోయిన దసరాకు వేసిన పచ్చరంగు ఎంత బాగుండేదో అంది, ఎటో చూస్తూ. పచ్చ కాదు, నీలమే అన్నాడు బావ. పచ్చరంగు డబ్బా తెచ్చిన మాట నిజమే గానీ, ఖాళీ చెయ్యాలని నోటీసు వచ్చింది కదా, మూత కూడా తియ్యలేదన్నాడు. నువ్వు పెళ్లి ఫొటోలకు పోయిన రోజు నేనే వేశానంది అక్క. ఆ తలుపు చెదలు తినేసిందని అక్కడే వదిలేసి వచ్చారు. ఆ ఇంట్లో తీసుకున్న ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి, అన్నీ మొహాలవి, లోపలివి. అక్క పెళ్లి ఫొటోలో తలుపు ఉంది, అప్పటి రంగు వేరు. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నువ్వు దీపావళికి వచ్చినవ్ గదా. ఏ రంగుండె?" అనడిగింది అక్క.

వచ్చాను. ఆ తలుపుకు ఆనుకుని నిలబడే ఆటోవాడితో పోట్లాడాను. దాని పక్కనే చెప్పులు విడిచాను. ఎంత తలుచుకున్నా చేతికి తగిలిన చెక్క గుర్తొస్తుంది గానీ రంగు రాలేదు. నాకు గుర్తులేదని చెప్పాను.

పక్కింటి ఫొటో మళ్లీ తెరవమంది అక్క. అందులో తమ గోడ అంచయినా పడి ఉంటుందని ఆమె ఆశ. తెరిచి పెద్దది చేశాను. గోడ లేదు. పక్కింటివాళ్లు నలుగురూ ముగ్గు వెనక వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల వాకిట్లోకి ఒక పక్కనుంచి పెద్ద నీడ వచ్చి పడింది, పైన పెంకుల అంచు పళ్లు పళ్లుగా తెలుస్తోంది. ఆ నీడ కొసన ఇంకో చిన్న నీడ విడిగా ఉంది. అక్క తెర మీద దాని దగ్గర వేలు పెట్టింది.

"ఇగో, నేనే. అరుగు మీద నిలబడి చూస్తున్న."

బావ ముందుకు వంగి చాలాసేపు చూశాడు. అక్క వేలు తియ్యలేదు, ఆయన తియ్యమనలేదు. బతుకమ్మకు రెండు రోజుల ముందు పటాలన్నీ తయారయ్యాయి. అవ్వ ఇంటికి బావే స్వయంగా వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఊళ్లో అందరికీ ఇంటికొకటి చొప్పున కట్టించాడు. పక్కింటివాళ్లది మాత్రం రెండు కట్టించాడు.